నలభై ఒకటో గడిలో కేక

సెప్టెంబర్ 4

ఈ డైరీ చేపల సొసైటీ వాళ్ళు జనవరిలో ఊరికే ఇచ్చారు. ఇన్నాళ్ళూ కొట్లో కుంటి బల్ల కాలి కింద ఎత్తుకి పెట్టాను. ఇవాళ తీసి తుడిచాను. కొంచెం టేకు చేప కంపు కొడుతోంది. నేనూ అంతే కాబట్టి ఇద్దరికీ జత కుదిరింది.

రాయడం నాకేం కొత్త కాదు. ఆరో తరగతి దాకా చదివాను, ఆరు రెండుసార్లు చదివాను. జెగల్ గురువుగారు పలక మీద రాసి మాట్లాడుతున్నప్పుడు, ఆయన పక్కన ఇరవై ఆరేళ్ళు డోలు వాయించినదాన్ని నేను రాసుకుంటే ఎవరికి నష్టం?

పొద్దున్నే దన్‌బి వచ్చింది. గురువుగారి కూతురు. పదకొండేళ్ళు జర్మనీలో సంగీతం రాయడం నేర్చుకుని వచ్చింది. ఇప్పుడు ముప్పై నాలుగేళ్ళు. దాని ముక్కు చీమిడి నేను తుడిచినదాన్ని.

"పిన్నీ, రాయడం అయిపోయింది," అంది, రొప్పుతూ.

"ఏమిటే? వీలునామానా?"

"నాన్నగారి పడవ పాట. రెండు వయొలిన్లు, ఒక వయోలా, ఒక చెల్లో. వాటితో పాటు నీ డోలు."

పడవ పాట! ఆయన విసనకర్ర పట్టుకుని నిలబడి పాడేవారు, నేను పక్కన చాప మీద కూర్చుని వాయించేదాన్ని. ఒక గొంతు, ఒక డోలు, మధ్యమధ్యలో నా కేకలు. మూడో మనిషికి చోటు లేని పని. పోయినేడు జూన్‌లో డాక్టర్లు ఆయన గొంతు పెట్టె కోసి తీసేశారు. ఇప్పుడు ఈ పిల్ల గొంతు స్థానంలో నాలుగు చెక్కపెట్టెలు పెట్టింది.

"అక్టోబర్ పన్నెండు, హార్బర్ హాల్లో. నాన్నగారు వస్తానన్నారు. కానీ డోలు నువ్వు వాయిస్తేనేనట."

"పలక మీద రాశారా?"

"రాసి కింద రెండు గీతలు కొట్టారు."

ఆలోచించి చెప్తానన్నాను. ఆలోచించేదేముంది, ఈ లోపే నా చెయ్యి తొడ మీద తాళం వేసేస్తోంది. చేప జిగురు పేరుకుపోయిన చెయ్యి. సిగ్గులేనిది.

పద్నాలుగు నెలలయింది డోలు ముట్టి. వానల వల్ల. తోలు వదులయిపోయింది.

సెప్టెంబర్ 5

వాన. తోలు వదులు.

సెప్టెంబర్ 6

వాన లేదు. అయినా వదులుగానే ఉంటుంది. తీసి చూడక్కర్లేదు.

సెప్టెంబర్ 9

గబగబా రాస్తున్నాను, అక్షరాలు ఎలా పడితే అలా పడుతున్నాయి, పడనీ!

హాల్లో వెనకగదికి వెళ్ళాను, డోలు మూటతో. సియోల్ నుంచి వచ్చిన నలుగురూ కూర్చుని ఉన్నారు. మొదటి వయొలిన్ మేంగ్ అని నలభై ఏళ్ళావిడ. వెన్ను చూస్తే కర్ర మింగినట్టుంది. నేను గదిలోకి అడుగు పెట్టగానే కిటికీ తీసింది. రెండో వయొలిన్, వయోలా మొగుడూ పెళ్ళాలు. మాటల్లేకుండా కమానులతో పోట్లాడుకుంటారు. చెల్లో వాయించే బాన్ పొడుగ్గా ఉంటాడు, ఎప్పుడూ ఆకలే.

మొదలుపెట్టారు. నేను గోడకి ఆనుకుని, ఏదో ఈల పాటలా ఉంటుందిలే అనుకుంటూ అరటిపండు తింటున్నాను. చెల్లో కిందనుంచి లేచింది. లేచి ఒక చోట గరగరమంది. పాడు గొంతులోంచి, కఫం తగిలి, దాన్ని తోసుకుంటూ పైకెక్కే గరగర. నాకు తెలుసు అది. ప్రపంచంలో ఒక్క మనిషి గొంతే అలా ఎక్కుతుంది. అరటిపండు కింద పడింది.

వయొలిన్ అందుకుంది. సన్నగా, నిటారుగా, గుడిలో మైనపు వత్తి వెలిగించినట్టు. అది గురువుగారిది కాదు, దన్‌బి జర్మనీనుంచి తెచ్చుకున్నది. రెండూ పక్కపక్కన నడిచాయి. ఒకటి కొండ ఎక్కుతుంటే ఒకటి గొడుగు పట్టినట్టు. మొక్‌పోలో పుట్టి నలభై ఏళ్ళుగా చేపలు కోస్తున్నాను, ఇలాంటిది వినలేదు!

అయిపోగానే, "ఎలా ఉంది పిన్నీ?" అని దన్‌బి అడిగింది.

"ఫరవాలేదు," అన్నాను. ముఖం కిటికీ వైపు తిప్పుకున్నాను.

తర్వాత నా వంతు కాగితాలు చేతికిచ్చింది. అయిదు గీతల మీద పిచ్చికలు వాలినట్టు ఉంది. "చదవగలవు కదా పిన్నీ? లేకపోతే నేను కూర్చుని..."

"చదవలేకేమే! మీ నాన్న నాకు ఏం నేర్పలేదనుకున్నావా?"

ఎందుకలా అన్నానో. మేంగ్ చూస్తోంది. అందుకే అన్నాను.

సెప్టెంబర్ 12

ఇలా ఏర్పాటు చేసుకున్నాను. వాళ్ళు వాయిస్తుంటే ఫోనులో రికార్డు చేసుకుంటున్నాను. కొట్లో చేపలు కోస్తూ వింటున్నాను. నాలుగు రోజుల్లో మొత్తం కంఠతా వచ్చేసింది, వయోలా పక్కింటివాళ్ళమీద చాడీలు చెప్పే చోటుతో సహా. ఇక కాగితంతో పనేముంది?

ఇవాళ బాన్‌కి మూడు వారాలు మాగిన టేకు చేప పెట్టాను. ముక్కులోంచి పొగలొచ్చి కళ్ళు బయటికొస్తాయి, వీడియో తీద్దామని ఫోను పట్టుకుని కూర్చున్నాను.

నమిలాడు. ఆగాడు. "ఇంకా ఉందా పిన్నీ?" అన్నాడు.

నా జీవితంలో ఇంత దారుణంగా దెబ్బతిన్న వేళాకోళం లేదు. ఇంకో పళ్ళెం పెట్టాను.

మేంగ్ రాళం డబ్బాలో ఎండు నెత్తళ్ళు పెట్టాను. కమానుకి రాయబోయి చూసింది. ఒక్కొక్కటీ ఏరి గుడ్డలో మూటకట్టి జేబులో వేసుకుంది. ఇలాంటి మనుషులంటే నాకు భయం.

సెప్టెంబర్ 17

పెద్ద గొడవ.

డోలు దెబ్బలు అన్నీ సరిపోయాయి. అదీ గొప్పే, పద్నాలుగు నెలల తర్వాత. కానీ కేకలు! దన్‌బి నా కేకలన్నిటికీ నెంబర్లు వేసి రాసేసింది. కాగితం మీద గళ్ళు గళ్ళుగా ఉంటాయి కదా సంగీతం, పదిహేనో గడిలో "ఆహా", ఇరవై ఎనిమిదిలో "అబ్బో", నలభై ఒకటో గడిలో పెద్ద మెచ్చుకోలు కేక "ఓల్సిగూ". మొత్తం పదకొండు.

అరిచాను. పదకొండూ అరిచాను.

"పిన్నీ, కొంచెం... సహజంగా?"

"సహజంగా అంటే?"

"అంటే ఇప్పుడు నువ్వు బస్సు కండక్టరులా అరుస్తున్నావు."

"నువ్వు స్టాపులు రాసిచ్చావు, నేను పిలుస్తున్నాను!"

బాన్ నవ్వాడు. మేంగ్ నవ్వలేదు. "ఆవిడ ప్రతిసారీ అర తాళం ఆలస్యంగా అరుస్తున్నారు," అంది, గోడతో చెప్పినట్టు.

"అమ్మా, నీకు తుమ్ము ఏ గడిలో వస్తుంది?" అన్నాను. "రేపు మధ్యాహ్నం మూడూ పదిహేనుకి ఒకటి తుమ్మి చూపించు, నేనూ అరిచి చూపిస్తా."

దన్‌బి మధ్యలోకి వచ్చింది. "పిన్నీ, నేను కనిపెట్టి రాసింది కాదు. పాత టేపులో నాన్నగారి పాటకి నువ్వు సరిగ్గా ఎక్కడెక్కడ అరిచావో అక్కడే రాశాను. అది నువ్వే!"

అది నేనే. నిజమే. టేపులో ఉన్నదానికి అరుపు ఎక్కడ రావాలో ఎవరూ చెప్పలేదు కదా మరి.

సెప్టెంబర్ 18

కొట్లో ఒంటరిగా పదకొండూ అరిచి చూశాను. ఎదుటి రొయ్యల కొట్టావిడ ఎవరైనా పోయారా అని వచ్చింది.

సెప్టెంబర్ 21

ఒక సంగతి తట్టింది. గురువుగారు పాడుతుంటే నేను ఏనాడూ పాట విని అరవలేదు. ఆయన కుడి భుజం చూసేదాన్ని. ఊపిరి అయిపోతున్నప్పుడు అది అరంగుళం లేచేది. ఆయన పీల్చేలోపు ఆ సందులో నా కేక పడేది. పడవ నుంచి పడవకి కాలు మార్చుకున్నట్టు. వయొలిన్‌కి ఊపిరి అక్కర్లేదు. కమాను ఇటు నుంచి అటు, అటు నుంచి ఇటు, గానుగ తిరిగినట్టు తిరుగుతూనే ఉంటుంది. ఎక్కడ దూరను నేను?

దన్‌బికి చెప్పాలి. చెప్తే కాగితం సంగతి కూడా అడుగుతుంది. తర్వాత చెప్తా.

సెప్టెంబర్ 26

దొరికిపోయాను.

ఇవాళ కుర్చీలు మార్చి నన్ను బాన్‌కి ఎదురుగా కూర్చోబెట్టారు. ఇన్నాళ్ళూ వెనక ఉండేదాన్ని, ఎవరూ చూడలేదు. బాన్ పేజీ తిప్పినప్పుడల్లా నేనూ తిప్పుతూ వచ్చాను. పదమూడు రోజులుగా అదే చేస్తున్నాను, దర్జాగా, వేలు తడి చేసుకుని మరీ.

మధ్యలో బాన్ ఆగిపోయాడు. "పిన్నీ, నీకెన్ని పేజీలు?"

"నీకెన్నో నాకూ అన్నే."

"నాకు తొమ్మిది."

కింద చూశాను. మూడే ఉన్నాయి. ఏడుసార్లు తిప్పాను. మూడూ అయిపోయాక మళ్ళీ మొదటికొచ్చి రెండో రౌండు పూర్తిచేసి మూడోదానిలో ఉన్నాను. ఎవరి వంతు వాళ్ళకి విడిగా రాసిస్తారని, డోలుకి తక్కువ ఉంటుందని నాకెవరు చెప్పారు? గుడిలో అందరికీ ఒకే పుస్తకం ఇస్తారు, అలాగే అనుకున్నాను!

మొగుడూ పెళ్ళాలిద్దరూ మొదటిసారి కలిసి నవ్వారు. హాలు మేనేజరు తలుపు దగ్గరే ఉన్నాడు, నవ్వలేదు. "దన్‌బిగారూ, సియోల్‌లో చదువుకున్న డోలు ఆయన ఒకరున్నారు. కాగితం చూసి గంటలో వాయించేస్తారు. అయిదో తారీకు లోపల తేల్చండి," అన్నాడు.

నేను డోలు మూట కట్టుకుని వచ్చేశాను.  

సెప్టెంబర్ 27

కొట్టు తీయలేదు.

సెప్టెంబర్ 28

దన్‌బి ఇంటికొచ్చింది. తలుపు తీయకపోతే కిటికీలోంచి తల దూర్చింది.

"ఎందుకు చెప్పలేదు పిన్నీ?"

"ఏం చెప్పాలి? జర్మనీ నుంచి వచ్చిన పిల్లా, నాకు నీ పిచ్చికలు అర్థం కావు అనా?"

"కాగితం లేకుండా ఇరవై రెండు నిమిషాలు తప్పు లేకుండా వాయించావు. అది చెప్పుకోవలసింది కాదా? సరే, అది పోనీ. నాకు ఒక్కటి చెప్పు. నాన్నగారికి మెడ దగ్గర పెట్టుకుని మాట్లాడే మర ఇచ్చారు కదా ఆస్పత్రిలో. దాన్ని ఎందుకు వాడరు? అడిగితే పలక మీది కాయితం పైకెత్తి చెరిపేస్తారు. నీకు తెలుసా?"

"తెలీదు," అన్నాను.

వెళ్ళిపోయింది.

తెలీదు అని అక్కడ చెప్పాను, ఇక్కడ రాయడానికేం? ఇది ఎవరూ చదవరు. రొయ్యలావిడకి కళ్ళజోడు లేదు.

పోయినేడు జూలై. ఆస్పత్రి నుంచి వచ్చిన రెండో వారం. శిష్యులూ ఇరుగుపొరుగూ కలిపి పాతికమంది ఉన్నారు. గురువుగారు ఆ మర తీసి మెడకి ఆనించారు. గొంతు పోయాక మొదటి మాట. నా వైపు చూసి అన్నారు. "పిల్‌సున్, డోలు తియ్యి." ఒకే సుతిలో, జుయ్ జుయ్ మంటూ.

నేనేమన్నాను? "అయ్యబాబోయ్, సీసాలో ఈగ పడింది! మూత తియ్యండర్రా!"

అందరూ పగలబడి నవ్వారు. ఆయనా నవ్వారు. నవ్వితే చప్పుడు రాలేదు. తర్వాత మరని సొరుగులో పెట్టి, మనవలు ఆడుకునే పలక, కాయితం పైకెత్తితే చెరిగిపోయేది, తెమ్మన్నారు.

తోలు వదులని రాశాను కదా. తోలు బాగానే ఉంది. మొదటినుంచీ బాగానే ఉంది.

సెప్టెంబర్ 30

గురువుగారి ఇంటికి వెళ్ళాను. మెత్తటి టేకు ముక్కలు ఏరి, ముల్లు తీసి, ఆయనకి ఇష్టమైన పాత ముల్లంగి పచ్చడితో. డెబ్బై నాలుగేళ్ళు. మెడకి గుడ్డ కట్టుకుని వరండాలో మిరపకాయలు ఆరబోస్తున్నారు.

"గురువుగారూ, నేనొక వెధవ పని చేశాను," అన్నాను.

పలక మీద రాశారు: ఏది? చాలా ఉన్నాయి.

"ఈగ."

ఒక మిరపకాయ తిరగేశారు. ఇంకొకటి తిరగేశారు. వరసంతా అయిపోయింది.

"నా నోరు అంతే కదా, మీకు తెలుసు కదా. ఏడుపొస్తే నవ్వించేస్తాను. ఆ రోజు నాకు ఏడుపొచ్చింది. తప్పయిపోయింది. ఆ మర ఉందా, పారేశారా?"

చాలా రాశారనుకున్నాను. తిప్పితే మూడే మాటలు. ఈగ ఎప్పుడో చచ్చిపోయింది.

కాయితం పైకెత్తి చెరిపేసి మళ్ళీ రాశారు. డోలు బిగువుగా ఉందా?

"ఉంది," అన్నాను.

ఇంకేం రాయలేదు. చేప మాత్రం మొత్తం తిన్నారు. ఇది ఒక్కటే మంచి కబురు.

దారిలో ఆలోచన వచ్చింది. మంచి ఆలోచన కాదు, అందుకే చేసి తీరుతాను!

అక్టోబర్ 3

మొదటినుంచీ రాస్తాను, లేకపోతే ఉబ్బి పగిలిపోతాను!

నలుగురికీ ఫోను చేసి, "హాలు తరఫున ఫొటోలు తీస్తారట, యూదాల్ కొండ మీద, కచేరీ బట్టలతో, వాద్యాలతో రమ్మన్నారు," అని చెప్పాను. గొంతు మార్చి మేనేజరు ముక్కుతో మాట్లాడాను. ఆయనకి జలుబు కాబట్టి సులువే. దన్‌బికి కూడా అదే చెప్పాను.

సెలవురోజు. కొండంతా జనం, దోసకాయలు కొరుక్కుంటూ, కల్లు సీసాలతో. నల్లటి పొడుగు గౌనులో మేంగ్, వెనక చెల్లో పెట్టె మోస్తూ బాన్, వాళ్ళ వెనక మొగుడూ పెళ్ళాలు. మెట్లు, మెట్లు, మెట్లు. నా డోలు నా వీపు మీదే. చెప్పుకోవాలి కదా, నేనూ మోశాను.

పైమంటపానికి చేరేసరికి అందరి ముఖాలూ ఉడికిన పీతలు.

"ఫొటోగ్రాఫర్ ఏడి?" మేంగ్ అడిగింది. ఒక్కో అక్షరానికీ ఒక ఊపిరి.

"లేడు," అన్నాను. "నేనే చెప్పాను. అబద్ధం."

 మేంగ్ వయొలిన్ పెట్టెతో నా నెత్తి మీద కొడుతుందనుకున్నాను. తప్పు లేదు. నేనైతే కొట్టేదాన్ని.

"ఇప్పుడు వాయించండి," అన్నాను. "ఆయాసం తగ్గకముందే. దండం పెడతాను. తర్వాత తిట్టండి, సాయంత్రం దాకా తిట్టండి, పక్కన కూర్చుని లెక్కపెడతాను."

బాన్ ముందు పెట్టె తెరిచాడు. తిండి పెట్టిన చెయ్యి కదా. కాగితాలు గాలికి ఎగురుతుంటే మొగుడు వాటి మీద బూటుకాలు పెట్టాడు. పెళ్ళాం తిట్టింది. మొదలుపెట్టారు.

ఊపిరి! చెల్లో పైకెక్కుతుంటే బాన్ పొట్ట ఎగసిపడుతోంది. కమాను మారే చోట నలుగురి భుజాలూ ఒక్కసారి లేచాయి. గాలి లోపలికి లాగిన చప్పుడు నాకు వినిపించింది. సన్నటి ఖాళీ. ఆ ఖాళీలోకి నా నోట్లోంచి "ఆహా!" పడింది. నేను అరవలేదు. అదే పడింది. గడి నెంబరు ఎవరికి తెలుసు!

మేంగ్ కళ్ళు పైకెత్తి నన్ను చూసింది. చూసి, ఆ తర్వాతి ఊపిరి కావాలని పెద్దగా పీల్చింది, నాకోసం, తలుపు తీసి పట్టుకున్నట్టు. "అబ్బో, నా తల్లీ!" అన్నాను. అది కాగితంలో లేదు.

దోసకాయల ముసలమ్మలు చుట్టూ చేరారు. గొంతులో పాట లేని మనిషి ఉండడు మా ఊళ్ళో. ఒకావిడ "భళా!" అంది, ఇంకొకావిడ "లాగవే పిల్లా, లాగు!" అని మేంగ్ మీద అరిచింది. మేంగ్ లాగింది! జుట్టు ముడి ఊడిపోయింది, పట్టించుకోలేదు. చివరికి వచ్చేసరికి నా చేతులు నావి కావు, పద్నాలుగు నెలలుగా దాచుకున్న దెబ్బలన్నీ తోసుకుని తోసుకుని వస్తున్నాయి.

ఆగాక ముసలమ్మలు మా అందరికీ గిన్నెల్లో కల్లు పోశారు.

"ఇలాగే వాయించాలంటే ప్రతిసారీ కొండెక్కాలా?" అన్నాడు బాన్.

"అక్కర్లేదు," అంది మేంగ్. "ఊపిరి తీసుకోవాలి. అంతే. ముప్పై ఏళ్ళుగా మా మేస్టార్లు ఊపిరి వినిపించకూడదని నేర్పారు." కల్లు తాగి మూతి తుడుచుకుంది. నా వైపు తిరిగి, "నెత్తళ్ళ సంగతి నేను మర్చిపోలేదు," అంది.

దన్‌బి మెట్టు మీద కూర్చుని రబ్బరుతో కాగితాలు చెరుపుతోంది. పదిహేనో గడి, ఇరవై ఎనిమిది, అన్నీ. కళ్ళలో నీళ్ళు, ముఖమంతా నవ్వు. "పదకొండేళ్ళు చదివానే పిన్నీ నేను. జర్మన్ వాళ్ళ వాద్యాల్లోకి నాన్నగారి గొంతు తెచ్చాను, ఊపిరి తేవడం మర్చిపోయాను."

ఒక్కటి మాత్రం చెరపలేదు. నలభై ఒకటో గడి.

"అదెందుకే?"

"టేపులో నాన్నగారు అన్నిటికన్నా ఎక్కువసేపు ఆగేది అక్కడ. పడవ కనబడకుండా పోయే చోట. నాలుగు వాద్యాలూ పూర్తిగా ఆపేస్తాను. అక్కడ నీ ఓల్సిగూ ఉండాలి పిన్నీ. అది మాత్రం నాకు కావాలి."

మాటివ్వలేదు. కొండ మీద కూడా అక్కడ నాకు రాలేదు. డోలు మీద కొట్టి దాటేశాను. ఎవరూ గమనించలేదనుకున్నాను.

అక్టోబర్ 5

మేనేజరు వచ్చి విన్నాడు. జలుబు తగ్గినట్టుంది, అయినా ముక్కు చీదుకున్నాడు. సియోల్ ఆయనకి రావద్దని ఫోను చేస్తానన్నాడు. వెళ్తూ వెళ్తూ, "నా గొంతుతో ఎవరో ఫోన్లు చేశారట," అన్నాడు.

"ఘోరం," అన్నాను.

అక్టోబర్ 7

పండగ బేరం. ఊరందరికీ టేకు కావాలి. నిలబడటానికి తీరిక లేదు. కత్తితో తాళం వేస్తూ కోస్తున్నాను.

అక్టోబర్ 11

రిహార్సల్. నలభై ఒకటి, రాలేదు. నలుగురూ కమానులు ఎత్తి పట్టుకుని నాకోసం చూశారు. మళ్ళీ వాయించారు. మళ్ళీ రాలేదు. అందరి భుజాలూ చూస్తున్నాను, కానీ అక్కడ నాకు ఒకే భుజం కనిపిస్తోంది.

దన్‌బి కాగితాలు సర్దుకుంది. తిట్టి ఉంటే బాగుండేది.

రేపు వస్తుంది. రాకేం చేస్తుంది.

అక్టోబర్ 12, పొద్దున

తోలు బిగువు. ఎండ. చిట్లిన గోరు కత్తిరించాను. ఇంకేం లేదు రాయడానికి.

అక్టోబర్ 13

నిన్న రాయలేకపోయాను. ఇప్పుడు కొట్లో పీట మీద కూర్చుని రాస్తున్నాను, బేరం వస్తే రానీ!

కచేరీ సాయంత్రం అయిదింటికి. హాలు నిండింది. మార్కెట్ వాళ్ళు ఒక వరస, రొయ్యలావిడ కొత్త చెప్పులతో. గురువుగారు మూడో వరసలో చివర, బూడిదరంగు కోటు, మెడకి తెల్లగుడ్డ, ఒళ్ళో పలక. ఆయన్ని చూడకూడదనుకున్నాను. చూశాను.

మొదలయింది. నలుగురూ కలిసి ఊపిరి పీల్చారు, మొదటి వరసకి వినబడేలా. "ఆహా!" వచ్చేసింది. మార్కెట్ వరస నుంచి "భళా!" వచ్చింది. సియోల్ నుంచి వచ్చినవాళ్ళు వెనక్కి తిరిగి చూశారు, కచేరీలో అరుస్తారేమిటని. రెండో "భళా"కి తిరగడం మానేశారు. మూడోదానికి వాళ్ళలో ఒక టై కట్టుకున్నాయన తనే అరిచి, తనే నోరు మూసుకున్నాడు. చెల్లో గరగరమంటూ ఎక్కింది, మేంగ్ గొడుగు పట్టింది. నా కర్ర డోలు చెక్కకి టక్కున తగిలింది. ఒళ్ళంతా వెలుగు!

పడవ దూరమయింది. చిన్నదయింది. నలభై ఒకటి.

నలుగురూ కమానులు ఎత్తారు. భుజాలు లేచాయి. గాలి లోపలికి వెళ్ళింది.

రాలేదు.

నోరు తెరిచాను. ఎదురుగా తెల్లగుడ్డ. పాతికమంది నవ్వుతున్నట్టు వినిపించింది. నా నోరు నాకే అసహ్యమేసింది. మేంగ్ కమాను గాల్లో ఉంది. బాన్ చెమట చుక్క చెల్లో మీద పడింది. ఇంకొక క్షణమైతే దన్‌బి పాట అక్కడే చచ్చిపోతుంది. నాకు తెలుసు, నా గొంతు కదలదు.

అప్పుడు మూడో వరస నుంచి వచ్చింది.

జుయ్‌య్‌య్.

ఒకావిడ ఉలిక్కిపడి తన చేతిసంచి మీద కొట్టుకుంది, ఫోను మోగిందనుకుని. ఫోను కాదు. ఒకే సుతి, ఎత్తూ పల్లం లేదు, ఊపిరి అసలే లేదు.

"ఓల్. సి. గూ."

గురువుగారు. ఎడమచేత్తో మరని మెడకి ఆనించి పట్టుకున్నారు. పలక కింద పడిపోయి ఉంది. కుడి భుజం అరంగుళం లేచింది.

ఇరవై ఆరేళ్ళు ఆయన ఆగినచోట నేను అరిచాను. నిన్న నేను ఆగాను.

ఒకరు కూడా నవ్వలేదు. నా కర్ర లేచి పడింది. ఆ దెబ్బకి డోలు పగిలిపోతుందేమో అనుకున్నాను. నలుగురూ ఒక్కసారి అందుకున్నారు. ఆ తర్వాత ఏం వాయించానో, ఎక్కడెక్కడ అరిచానో తెలీదు. మేంగ్ ఏడుస్తూ వాయించింది. కర్ర మింగిన మనిషి! చప్పట్లకి దన్‌బి వేదిక మీదికి వచ్చి వంగడం మర్చిపోయి నన్ను కౌగిలించుకుంది. చేప కంపు కొడుతున్నావు పిన్నీ అంది. పండగ బేరమే అన్నాను.

లోపల గదిలో డోలుకర్ర సంచిలో పెట్టబోతే ఏదో గరగరలాడింది. ఎండు నెత్తళ్ళు. మూట విప్పకుండా అలాగే ఉంది, నెలరోజులుగా దాచింది మహాతల్లి.

గురువుగారు వచ్చారు. అందరూ పక్కకి జరిగారు. నా ముందు నిలబడి మర మెడకి ఆనించారు. నేను వంగి నిలబడ్డాను. ఏమంటారో. తిడితే తిట్టనీ, మెచ్చుకుంటే మాత్రం అక్కడే పడిపోయేదాన్ని.

"మూడు పేజీలు," అంది ఈగ. "ఏడుసార్లు. తిప్పావట."

అక్టోబర్ 15

ఇవాళ కొట్లో ఫోను మోగింది. గురువుగారు. ఫోను! పదహారు నెలల తర్వాత!

పండగకి పంపిన టేకు సరిగా మాగలేదట. మెత్తగా ఉంది కానీ ముక్కుకి తగల్లేదట. నలభై ఏళ్ళుగా ఈ వ్యాపారం చేస్తున్నదానివి సిగ్గులేదా అన్నారు. పదిహేనో గడిలో నీ "ఆహా" అతి అన్నారు. ఆ మేంగ్ అమ్మాయిని చూసి వెన్ను నిటారుగా పెట్టడం నేర్చుకోమన్నారు. నా మాటకి సందే లేదు. ఆయనకి ఊపిరి పీల్చుకోవాల్సిన పనే లేదాయె, ఇక ఎక్కడ దూరను!

బాటరీ అయిపోయేదాకా తిట్టారు.

రేపు పొద్దున్నే నాలుగు బాటరీలు కొని పట్టుకెళ్ళాలి.